పది నిమిషాలకో బస్సు

అమీర్‌పేటలో సిగ్నల్ పడింది. నలభై కిలోమీటర్ల వేగంతో వస్తున్న ఒక చిన్న కారు ఆగింది. లోపల ఉన్నది ఒక్కరే. ఆ ఆగడంలో ఎంత ఖర్చయిందో లెక్క కట్టి చూద్దాం.

కారు బరువు టన్ను, మనిషి బరువు డెబ్బై కిలోలు అనుకుందాం. ఆ వేగంలో రెంటికీ కలిపి ఉండే గతిశక్తి సుమారు 66 కిలోజౌళ్లు. బ్రేకు తొక్కగానే అదంతా డిస్కుల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. పచ్చలైటు వెలిగాక మళ్లీ ఆ వేగం అందుకోవాలంటే అంత శక్తినీ ఇంజను కొత్తగా పుట్టించాలి. ట్రాఫిక్‌లో నడిచే పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో ఐదో వంతును చక్రాల దాకా చేరిస్తే మెచ్చుకోవాలి. మిగిలిందంతా రేడియేటర్‌లోంచి, సైలెన్సర్‌లోంచి వేడిగా పోతుంది. కాబట్టి 66 కిలోజౌళ్ల పనికి 330 కిలోజౌళ్ల పెట్రోలు కావాలి. లీటరు పెట్రోలులో ఉండేది 34 మెగాజౌళ్లు. లెక్క వేస్తే పది మిల్లీలీటర్లు, హైదరాబాద్ ధరకు సుమారు ఒక రూపాయి.

ఆ రూపాయిలో లోపలున్న మనిషిని కదిలించడానికి పనికొచ్చిందెంత? మొత్తం బరువులో ఆ మనిషి వాటా ఆరున్నర శాతం. చక్రాలకు చేరిన శక్తి ఇరవై శాతం. రెండూ గుణిస్తే 1.3 శాతం. రూపాయిలో పైసా చిల్లర మనిషికి, మిగతాదంతా ఇనుముకూ వేడికీ.

కారు బదులు బస్సు అయితే? ఖాళీ సిటీ బస్సు సుమారు పది టన్నులుంటుంది. యాభై మంది ఎక్కితే ఒక్కొక్కరి వాటాకు వచ్చే బండి బరువు 200 కిలోలు. డీజిల్ బస్సు నగరంలో లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుని, నలభై మంది ఉన్నారనుకుంటే, మనిషికి కిలోమీటరుకు 0.2 మెగాజౌళ్లు పడుతుంది. లీటరుకు పద్నాలుగు ఇచ్చే కారులో సగటున ఒకటిన్నర మంది ఉంటే 1.6 మెగాజౌళ్లు. ఎనిమిది రెట్ల తేడా. రైలు దగ్గర భౌతికశాస్త్రం ఇంకో మేలు చేస్తుంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం తారు రోడ్డు మీద రబ్బరు టైరుకు ఎదురయ్యేదానిలో సుమారు పదో వంతే. పైగా మెట్రో రైలు బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి కొంత కరెంటును తీగలోకి తిరిగి పంపుతుంది.

వీటన్నిటికంటే పొదుపైనది సైకిలు. 1973లో ఎస్.ఎస్. విల్సన్ అనే ఆక్స్‌ఫర్డ్ ఇంజనీరు సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. జంతువులు, పక్షులు, యంత్రాలు కిలోమీటరు దూరం పోవడానికి బరువును బట్టి ఎంత శక్తి ఖర్చు చేస్తాయో అందులో పోల్చి చూపించారు. కాళ్ల మీద నడిచే మనిషి ఆ పట్టికలో ఏదో మధ్యలో ఉంటాడు. అదే మనిషిని సైకిలెక్కిస్తే నడకకయ్యే శక్తిలో ఐదో వంతుతో అన్నిటినీ దాటేసి పైకి వచ్చేస్తాడు. మన లెక్కలో చెప్పుకుంటే ఒక ఇడ్లీతో నింపాదిగా రెండు కిలోమీటర్లు తొక్కేయవచ్చు.

మన దగ్గర కారుకంటే ముందు లెక్కలోకి రావలసింది మోటార్‌సైకిలు. లీటరుకు యాభై ఇచ్చే బండి కిలోమీటరుకు 0.7 మెగాజౌళ్ల లోపే తాగుతుంది. ఇద్దరు ఎక్కితే మనిషికి అందులో సగం. ఖర్చులో అది బస్సుకు గట్టి పోటీయే. అందుకే గుంటూరులో అయినా వరంగల్‌లో అయినా మధ్యతరగతి ఇంటి ముందు మొదట నిలబడేది టూవీలరే. కాకపోతే దాని అసలు ధర వేరేచోట చెల్లిస్తున్నాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, వారిలో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళుతున్నవాళ్లే. వాన పడితే, పసిబిడ్డను తీసుకెళ్లాల్సి వస్తే, పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే, ఆ ఇంటివాళ్లు తర్వాత చూసేది కారు వైపే.

ఇంధనం సంగతి సరే, చోటు సంగతి చూద్దాం. ఇది నాకు ఇంధనంకంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. బ్యాటరీ కారు ఇంధనం ఖర్చు తగ్గిస్తుంది, పొగ ఆపుతుంది, రెండూ మంచివే. కానీ అది కూడా కారు ఆక్రమించినంత చోటే ఆక్రమిస్తుంది. రోడ్డు మీద ఒక వరుసలో కారు వెనక కారు రెండేసి సెకన్ల ఎడంతో పోతే గంటకు 1800 కార్లు. సిగ్నళ్ల దగ్గర సగం సమయమే పచ్చలైటు ఉంటుంది కాబట్టి 900. కారుకు ఒకటిన్నర మంది చొప్పున 1350 మంది. అదే వరుసలో నిమిషానికో బస్సు, బస్సుకు అరవై మంది అయితే 3600 మంది పోతారు. బస్సుకూ బస్సుకూ మధ్య ఇంకా బోలెడంత రోడ్డు ఖాళీగా ఉంటుంది కూడా. మూడు నిమిషాలకో మెట్రో రైలు, రైలుకు తొమ్మిది వందల మంది అయితే గంటకు 18,000.

ఆగి ఉన్న కారు లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. సొంత కారు తన జీవితంలో తొంభై శాతానికి పైగా సమయం ఆగే ఉంటుంది. సెల్లారులో ఒక కారు పెట్టుకోవడానికి, అది తిరిగే దారితో కలిపి, మన దేశంలో ప్రణాళికాధికారులు వేసుకునే లెక్క 32 చదరపు మీటర్లు. తెలంగాణలో పేదలకు కట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు, అంటే 52 చదరపు మీటర్లు. రెండు కార్ల చోటు ఒక కుటుంబం ఉండే ఇంటికంటే ఎక్కువన్నమాట. అపార్ట్‌మెంటుకైనా మాల్‌కైనా ఇంత భాగం పార్కింగ్‌కు వదలాలని మన భవన నిబంధనలు చెబుతాయి. ఆ ఖర్చు ఫ్లాటు ధరలో కలుస్తుంది. కారు లేనివాడూ దాన్ని కడతాడు. అదే భవనానికి బస్ స్టాపు ఎంత దూరంలో ఉండాలో, అక్కడికి నడిచే దారి ఉందో లేదో ఎవరూ అడగరు. అమెరికాలో డోనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు ఈ ఒక్క విషయం మీదే జీవితమంతా పనిచేశారు. 2005లో వచ్చిన ఆయన పుస్తకం చాలా నగరాల చేత పార్కింగ్ నిబంధనలు మార్పించింది.

చోటు చాలనప్పుడు మనకు మొదట తోచేది రోడ్డు వెడల్పు చేయడం, లేదా పైన ఇంకో రోడ్డు వేయడం. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచినప్పుడు దేశంలో అంత పొడవైన ఫ్లైఓవర్ లేదు. ఆ తర్వాత నగరంలో ఎన్ని ఫ్లైఓవర్లు వచ్చాయో మనకు తెలుసు. అవి దిగేచోట రోజూ సాయంత్రం ఏమవుతుందో కూడా తెలుసు. దీనికి కారణాన్ని ఆంథనీ డౌన్స్ 1962లోనే రాశారు. రద్దీకి జడిసి ఇంట్లో ఆగిపోయినవాళ్లు, వేరే వేళలో పోయేవాళ్లు, వేరే దారిన పోయేవాళ్లు, బస్సెక్కేవాళ్లు అందరూ కొత్త రోడ్డు మీదికి వచ్చేస్తారు. 2011లో జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అమెరికా నగరాల లెక్కలు తీసి చూస్తే, హైవే పది శాతం పెరిగితే వాటి మీద బండ్లు తిరిగే దూరం కూడా దాదాపు పది శాతం పెరుగుతోంది. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను 280 కోట్ల డాలర్లతో వెడల్పు చేసి 2008లో పూర్తిచేశారు. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలు. కొన్నేళ్లు తిరగకుండానే రద్దీవేళ ప్రయాణ సమయం మళ్లీ పెరగడం మొదలైంది.

హ్యూస్టన్‌లో, డాలస్‌లో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కారు మీద పూర్తిగా ఆధారపడిన ఊరు ఎలా ఉంటుందో వాళ్లను చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులను అడగాలి. ఇక్కడ పొద్దున్నే నడిచి వెళ్లి పాలు, కొత్తిమీర తెచ్చుకుని, గుడికి వెళ్లి, దారిలో నలుగురితో మాట్లాడి వచ్చే పెద్దాయన అక్కడ అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మం దాటలేరు. కాళ్లు బాగానే ఉంటాయి. నడిచి చేరే దూరంలో ఏదీ ఉండదు, చాలాచోట్ల బస్సూ ఉండదు. పదహారేళ్ల లోపు పిల్లలదీ అదే పరిస్థితి, ఎక్కడికి పోవాలన్నా అమ్మో నాన్నో బండి తీయాలి. ఆ ఊళ్లలో కారు ఒక సౌకర్యం అనుకోవడానికి లేదు, నీళ్ల కనెక్షన్‌లా తప్పనిసరి. హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు వెంట లేస్తున్న గేటెడ్ కాలనీల్లో చాలావాటిని చూస్తుంటే మనం అదే నమూనాను కష్టపడి తెచ్చుకుంటున్నామని భయం వేస్తుంది. మన దేశంలో ఇప్పటికీ సుమారు 8 శాతం ఇళ్లకే కారు ఉంది. 2011 జనగణనలో పనికి కారులో వెళ్లేవాళ్లు మూడు శాతం కూడా లేరు. నడిచేవాళ్లు ఇరవై శాతం పైనే. మనం కారుకు ఇంకా బానిసలం కాలేదు. ఇది చాలా పెద్ద అవకాశం.

మరి శక్తి లెక్క, చోటు లెక్క, డబ్బు లెక్క అన్నీ బస్సు పక్షానే ఉంటే, చేతిలో కాస్త డబ్బు ఆడగానే జనం బస్సు ఎందుకు దిగిపోతున్నారు? హోదా కోసమని చాలామంది అంటారు. నేను ఆ మాటను పూర్తిగా నమ్మను. కోటి నుంచి కొండాపూర్ పోయే 127కె కోసం సాయంత్రం ఆరింటికి నిలబడినవాళ్లకు అసలు కారణం తెలుసు. బస్సు ఎప్పుడు వస్తుందో తెలియదు. కారు గానీ స్కూటీ గానీ అమ్మేది వేగాన్ని అనుకుంటాం. హైదరాబాద్ రోడ్ల మీద వేగం ఎక్కడుంది? అవి అమ్మేది ఎదురుచూపు లేకపోవడాన్ని. స్టాపులో నిలబడిన ఒక నిమిషం, కదిలే బస్సులో కూర్చున్న దాదాపు రెండు నిమిషాలంత భారంగా అనిపిస్తుందని రవాణా అర్థశాస్త్రవేత్తలు ఎన్నో నగరాల్లో కొలిచి చెప్పారు. ఎండలో, నీడ లేని స్టాపులో, చీకటి పడ్డాక ఒంటరిగా నిలబడిన ఆడపిల్లకు అది ఇంకెంత బరువో చెప్పక్కర్లేదు.

ఎదురుచూపుకు ఒక గణితం ఉంది. అరగంట రాని బస్సు వచ్చేటప్పుడు రెండు మూడు కలిసి ఎందుకొస్తాయి? డ్రైవర్ల నిర్లక్ష్యమని, డిపో మేనేజర్ పట్టించుకోడని తిట్టుకుంటాం. నిజానికి ఎవరి తప్పూ లేకపోయినా అవి కలిసే వస్తాయి. పది నిమిషాలకో బస్సు బయల్దేరిందనుకుందాం. ప్రతి స్టాపుకూ నిమిషానికి ఇద్దరు చొప్పున జనం చేరుతున్నారు. పది నిమిషాలకు ఇరవై మంది. ఒక్కొక్కరు ఎక్కడానికి మూడు సెకన్లు. బస్సు నిమిషం ఆగుతుంది, పోతుంది. ఇప్పుడు మొదటి బస్సు ఏ సిగ్నల్ దగ్గరో రెండు నిమిషాలు ఆలస్యమైంది. తర్వాతి స్టాపులో దాని కోసం ఇరవై నలుగురు ఉంటారు. నలుగురు ఎక్కువ, పన్నెండు సెకన్లు ఎక్కువ. ఆలస్యం పదో వంతు పెరిగింది. ఆ పెరిగిన ఆలస్యానికి తర్వాతి స్టాపులో ఇంకొందరు ఎక్కువ. చక్రవడ్డీలా స్టాపు స్టాపుకూ పది శాతం పెరుగుతూ పోతే పది స్టాపులు దాటేసరికి రెండు నిమిషాలు ఐదు నిమిషాలు దాటుతుంది. ఈలోగా వెనక వచ్చే బస్సుకు జనం తక్కువ. అది చకచకా ఎక్కించుకుని ముందుకు వచ్చేస్తుంది. చివరికి రెండూ కలుస్తాయి. ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా. 1964లో గోర్డన్ న్యూవెల్, రెన్‌ఫ్రీ పాట్స్ అనే ఇద్దరు దీన్ని సమీకరణాల్లో పెట్టి, బస్సుల మధ్య సమాన ఎడం దానంతటది నిలవదని చూపించారు.

"లోపలికి జరగండమ్మా, వెనక బండి ఖాళీగా వస్తోంది, అదెక్కండి" అని కండక్టరమ్మ అరిచేది అబద్ధం కాదు. కానీ పద్దెనిమిది నిమిషాలు నిలబడినవాళ్లు ఆ మాట నమ్మి ఆగరు. అందరూ ఎక్కుతారు, బండి ఇంకా ఆలస్యమవుతుంది.

ఇందులో నష్టం ఎంతో చూడండి. పది నిమిషాలకో బస్సు సరిగ్గా వస్తే సగటు ఎదురుచూపు ఐదు నిమిషాలు. అవే బస్సులు రెండు నిమిషాల ఎడం, పద్దెనిమిది నిమిషాల ఎడం చొప్పున వస్తే? స్టాపుకు వచ్చేవాళ్లలో పదింట తొమ్మిది మంది ఆ పెద్ద ఖాళీలోనే వచ్చి పడతారు, సగటున తొమ్మిది నిమిషాలు నిలబడతారు. మొత్తం సగటు ఎనిమిది నిమిషాల పైమాట. బస్సులు అన్నే, డ్రైవర్లు అంతమందే, డీజిల్ అంతే. జనానికి మాత్రం పదింట నాలుగు బస్సులు తీసేసినంత పని అవుతుంది.

దీనికి మందులున్నాయి, అవి ఖరీదైనవి కూడా కావు. ముందున్న బస్సుకు మరీ దగ్గరైన బండిని ఒకటి రెండు స్టాపుల్లో కాసేపు ఆపడం. టికెట్టు పని ఎక్కకముందే అయిపోయేలా చూడటం. రెండు తలుపుల్నీ సమానంగా వాడుకోవడం. మన సిటీ బస్సుల్లో ముందు తలుపు ఆడవాళ్లకు, వెనక తలుపు మగవాళ్లకు అన్నది పాత అలవాటు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన తర్వాత చాలా రూట్లలో ముందు తలుపు దగ్గర తోపులాట, వెనక తలుపు దగ్గర పలచగా జనం. బస్సు ఆగే సమయాన్ని నిర్ణయించేది ఆ ముందు తలుపే. సీట్ల ఏర్పాటు కాస్త మార్చినా ప్రతి స్టాపులో సెకన్లు మిగులుతాయి, ఆ సెకన్ల మీద పడే చక్రవడ్డీ కూడా మిగులుతుంది.

అన్నిటికంటే బలమైన మందు బస్సుకు సొంత వరుస. ఆలస్యానికి మొదటి విత్తనం పడేది ట్రాఫిక్‌లోనే కదా. సియోల్‌లో 2004 జూలైలో రూట్లన్నీ తిరగరాసి, ప్రధాన రహదారుల నడిమధ్య బస్సులకు ప్రత్యేక వరుసలు ఇచ్చారు, బస్సుకూ మెట్రోకూ ఒకే కార్డు పెట్టారు. అదే కాలంలో ఊరి మధ్యనున్న చంగ్యేచాన్ ఎత్తురోడ్డును పడగొట్టి, కింద పూడిపోయిన వాగును మళ్లీ వెలికితీసి 2005లో జనానికి ఇచ్చారు. అంతా భయపడినట్టు ఊరు స్తంభించిపోలేదు. మన దగ్గర ఆ పని అంత తేలిక కాదు. హైదరాబాద్‌లో చాలా దారుల్లో డివైడరు మీద మెట్రో పిల్లర్లు నిలబడి ఉన్నాయి. బస్సు వరుస ఎడమ అంచునే రావాలి, అక్కడేమో ఆగిన కార్లు, ఆటోలు, మిర్చిబండ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో బస్సుల కోసం వేసిన బీఆర్టీఎస్ రోడ్డు పేరైతే నిలిచింది గానీ, దాని మీద బస్సుల పరుగు నిలవలేదు. వరుస గీయడం ఒక రోజు పని. ఆగిన కారును అక్కడినుంచి కదిలించడం రోజూ చేయాల్సిన పని.

బస్సుకూ కారుకూ మధ్య ఒక లోతైన తేడాను హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త 1972లో బయటపెట్టారు. రోడ్డు మీదికి ఇంకో కారు వస్తే ఉన్న అందరి ప్రయాణం కాస్త నెమ్మదిస్తుంది. బస్సు రూటులోకి ఇంకొందరు ప్రయాణికులు వచ్చి, వారికి తగ్గట్టు ఇంకో బస్సు వేస్తే, ఉన్న అందరి ఎదురుచూపూ తగ్గుతుంది. వాడేవాళ్లు పెరిగేకొద్దీ కారు ప్రయాణం పాడవుతుంది, బస్సు ప్రయాణం బాగుపడుతుంది. షేర్ ఆటో మన ఊళ్లలో ఎందుకంత బలంగా నాటుకుందో ఈ చూపుతో చూస్తే అర్థమవుతుంది. చిన్న బండి కాబట్టి త్వరగా నిండుతుంది, వెంటనే ఇంకోటి వచ్చి నిలబడుతుంది.

మోరింగ్ లెక్కలో ఒక షరతు ఉంది. జనం పెరిగినప్పుడు బస్సులూ పెరగాలి. 2019 అక్టోబరులో మొదలై యాభై రోజులకు పైగా సాగిన ఆర్టీసీ సమ్మె తర్వాత హైదరాబాద్‌లో వందల బస్సులు తగ్గించారు. నాలుగేళ్లకు ఉచిత ప్రయాణంతో జనం వెల్లువలా వచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే తరహా స్త్రీశక్తి పథకం కూడా మొదలైంది. కొత్తగా ఇల్లు కదిలిన ఆడవాళ్లను చూస్తే నాకు ఎంతో సంతోషం. కానీ పిలిచిన ప్రతి ఒక్కరికీ సమయానికి బండి ఉండాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ రెండు నెలలు తిరిగినవాడు మూడో నెల ఈఎంఐ మీద బండి తీసుకుంటాడు. ఒకసారి తీసుకున్నాక నెలనెలా కంతు కడుతూ ఇంట్లో పెట్టుకుని మళ్లీ బస్సెక్కడు.

ఆర్టీసీలో పనిచేసేవాళ్ల నోట ఎప్పుడూ మూడు మాటలు వినిపిస్తాయి. కేఎంపీఎల్, ఈపీకే, ఓఆర్. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎంత రాబడి, సీట్లు ఎంత శాతం నిండాయి. ఇంధనం పొదుపులో మన ఆర్టీసీకి దేశంలో మంచి పేరుంది, కేఎంపీఎల్ బాగా తెచ్చిన డ్రైవరును పిలిచి సన్మానిస్తారు. ఈ మూడింటిలో దేనిలోనూ స్టాపులో నిలబడిన మనిషి లేడు. రెండు బస్సులు కలిసిపోయి ముందుది కిక్కిరిసిపోతే, దాని ఓఆర్ కాగితం మీద అందంగానే కనిపిస్తుంది. బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే గమ్యం యాప్ 2023లో వచ్చింది. అంటే బస్సుకూ బస్సుకూ మధ్య ఎంత ఎడం వచ్చిందన్నది ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంది. కొత్తగా కొనవలసిన యంత్రం ఏదీ లేదు. ప్రతి రూటులో నిన్న రద్దీవేళ జనం సగటున ఎన్ని నిమిషాలు నిలబడ్డారన్నది డిపో బోర్డు మీద కేఎంపీఎల్ పక్కన నాలుగో గడిలో రాయాలి. దాన్ని తగ్గించిన డిపోకు బహుమతి ఇవ్వాలి, తగ్గని రూటుకు ముందుగా కొత్త బస్సులు పంపాలి. కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2000 ఎలక్ట్రిక్ బస్సులు ఏ రూట్లకు పోవాలో తేల్చడానికి ఆ నాలుగో గడికంటే మంచి ఆధారం నాకు కనిపించడం లేదు.